బట్టలకి కాపలా

మిషను గది,
సోమవారం మధ్యాహ్నం

చేపపిల్లా,

మీ అన్నయ్యకి పిచ్చెక్కిందని వీధిలో అందరూ అనుకుంటున్నారు. ఎక్కింది ఆయనకి కాదు, నాకు. ఆ ముక్క ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలని ఈ ఉత్తరం. మీ వాతావరణ కేంద్రంలో ఉన్న ఒక్క ఫోనూ గాలివానల కబుర్లకే తప్ప వదినల కబుర్లకి ఇవ్వరంటావు కదా. అందుకే గురువారం కొండెక్కే జీపులో పడేట్టు రాస్తున్నాను.

ఇంటి వెనక గొయ్యి తవ్విస్తున్నాం. స్విమ్ స్పా పెట్టించడానికి. పదిహేనడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు తొట్టి. ఒక చివర మోటారు ఉంటుంది. అది నీళ్ళని మన మీదికి తోస్తుంటే మనం ఎదురీదుతూ ఉండాలి. ఎంత ఈదినా అంగుళం ముందుకి పోము. ఈ మాట విని మీ అన్నయ్య, "ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రోజూ బయల్దేరిన డిపోకే వచ్చాను. నాకిదేం కొత్త?" అన్నారు.

నేల మీద పెట్టుకోక పాతిపెట్టడం ఎందుకమ్మా అని మేస్త్రీ అడిగాడు. నిచ్చెనెక్కి నీళ్ళలో దిగే వయసా నాది? నేలకి సమంగా ఉంటే చెప్పులు విడిచి, మెట్లు దిగినట్టు దిగిపోవచ్చు. మిషను మీద వంగి వంగి నా మెడ, నడుము పట్టేశాయి, నీళ్ళలో ఒళ్ళు ఆడించమని డాక్టరమ్మ చెప్పింది.

ఇది ఊరందరికీ చెప్పే కారణం. నీకు అసలుది చెబుతాను. నా పెళ్ళయిన కొత్తలో కాలవకి వెళ్ళాం, గుర్తుందా? నీకప్పుడు పదిహేనేళ్ళు. మీరంతా ధబీ ధబీమని దూకేశారు. నా ఒళ్ళో ఆరు జతల బట్టలు, మూడు గడియారాలు, మీ నాన్నగారి కళ్ళజోడు. నువ్వు అవతలి గట్టు దాకా ఈది వెళ్ళి, అక్కణ్ణుంచి "వదినా, నువ్వూ రా!" అని అరిచావు. "బట్టలు ఎవరు చూస్తారు?" అన్నాను. ఆ రోజు నుంచి ఎక్కడ నీళ్ళు కనిపించినా నాది అదే ఉద్యోగం. నీళ్ళంటే నాకు చచ్చేంత భయమని ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకి కూడా పోయిన నెలలోనే చెప్పాను. "చెప్పొచ్చుగా పిచ్చిదానా" అన్నారు.

ముప్పై మూడేళ్ళు కాపలా కాశాను. ఇంక నా వల్ల కాదు. ఈత నేర్చుకుంటాను, అదీ నీ దగ్గరే. సెలవు పెట్టుకుని రా.

మీ వదిన

*

కొండ మీద, గాలి కొలిచే గది,
గురువారం

వదినా,

జీపు డ్రైవరు ఎదుటే ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. అన్నయ్యకి పెద్ద లాటరీ ఏదో తగిలిందని అతను కిందికి వెళ్ళి చెప్పినా చెబుతాడు, సిద్ధంగా ఉండు.

నవ్వు సరే, ఒక మాట గట్టిగా చెబుతాను, విను. మన పెరట్లో నేల చెమ్మ నేల. వానొస్తే గోతిలోకి నీళ్ళు ఊరతాయి. ఖాళీ తొట్టి కింద నీళ్ళు చేరాయంటే అంత పెద్ద తొట్టీ పడవలా పైకి లేచి కూర్చుంటుంది. గొయ్యి అడుగున ఒక మూల చిన్న గుంట వదిలి, అందులో నీళ్ళు తోడే పంపు పెట్టించు. తొట్టి దింపిన రోజే నీళ్ళు నింపెయ్యండి. అన్నయ్య "చూద్దాంలే" అంటాడు. ఆయన "చూద్దాంలే"లతోటే మన స్నానాల గది ఏడేళ్ళు కారింది. ఈ నెలాఖర్లో గట్టి వానలున్నాయి. ఇది మాత్రం ఆడపడుచు మాట కాదు, వాతావరణ కేంద్రం మాట.

కాలవ సంగతి చదివాక కిటికీ దగ్గర కూర్చుండిపోయాను. నిజంగా నీకు బట్టలు చూడటం ఇష్టమనుకున్నాను వదినా. నీ చేతిలో పెడితే చొక్కా మడత కూడా చెదరదు. మొద్దుని, మొద్దుని.

సెలవు సంగతి తరవాత చూద్దాం. ఇక్కడ మనుషులు తక్కువ.

నీ చేపపిల్ల

*

మిషను గది,
శుక్రవారం

చేపపిల్లా,

నీ ఉత్తరం అంది రెండు వారాలైంది, పని హడావిడిలో ఇప్పటికి తీరింది. గుంట వదిలించాను, పంపు పెట్టించాను. మీ అన్నయ్య "చూద్దాంలే" అననే అన్నారు. నీ ఉత్తరం తీసి ముఖం మీద పెట్టాను.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. ఎక్కడా ఎవరితోనూ అనకు. గొయ్యి కొలతలు మేస్త్రీకి కాగితం మీద ఇస్తే సరిపోయేది. నేను ఊరుకుంటానా? పాత దుప్పట్లు మూడు కలిపి కుట్టి, తొట్టి ఆకారానికి కత్తిరించి, నేల మీద పరిచి, దీని ప్రకారం తవ్వమన్నాను. నాలుగు వైపులా రెండేసి జానలు ఎక్కువ వదిలాను. "ఇదెందుకమ్మా?" అన్నాడు మేస్త్రీ. కుట్లకి వదులు వదలకుండా ఎవరైనా గుడ్డ కత్తిరిస్తారా నాయనా అన్నాను. నోరెళ్ళబెట్టాడు. తరవాత తొట్టి కంపెనీ మనిషి వచ్చి చూసి, పక్కల మనిషి పట్టేంత సందు ఉండి తీరాలని, చాలామంది వదలరని, ఇక్కడ ఎవరు చెప్పారని అడిగాడు. మేస్త్రీ నా వైపు చెయ్యి చూపించాడు. అప్పుడు నా ఠీవి చూడాలి నువ్వు.

ఆ ఠీవి రెండు రోజులే. తొట్టికి మోటారున్న చివర, మనిషి దిగి రిపేరు చేసుకోడానికి విడిగా ఇంకో గది లాంటి గొయ్యి ఉండాలి. అది తోట గోడ వైపు రావాలి. దుప్పటి మీద అక్కడ సుద్దతో పెద్ద గుర్తు కూడా పెట్టాను. కానీ ముప్పై అయిదేళ్ళ అలవాటు. గుడ్డని ఎప్పుడూ లోపలి వైపు పైకి పెట్టే గీస్తాను, కత్తిరిస్తాను. అలాగే తిరగేసి పరిచాను. తోట వైపు ఉండాల్సిన చివర వంటింటి వైపుకి వచ్చింది. తవ్వడం అయింది, కింద కాంక్రీటు పోయడం అయింది, గట్టిపడటమూ అయింది. క్రేను మీద తొట్టి గాల్లో ఉన్నప్పుడు గాని నాకు కనిపించలేదు. చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టినట్టు అయింది నా పని.

మీ అన్నయ్య అప్పటికే వీధిలో నిలబడి క్రేనుని "రానీ, రానీ, కుడి తిప్పు, చాలు చాలు" అంటూ బస్సు వెనక్కి తీయిస్తున్నట్టు తీయిస్తున్నారు. ఇరుగుపొరుగంతా గోడల మీద. నేను పరిగెత్తి నా తప్పు చెప్పాను. క్రేనతను విని, "అంతేనా అమ్మా?" అని గాల్లోనే తొట్టిని ఇటు తల అటు తిప్పి మెల్లిగా దింపేశాడు. ఇంచీ తేడా లేదు. అందరూ చప్పట్లు.

కాకపోతే ఇప్పుడు ఈదే మనిషి ముఖం పూలమొక్కల వైపు కాకుండా వంటింటి కిటికీ వైపు. కిటికీలో మీ అన్నయ్య, చేతిలో గరిటె. నా ప్రాప్తం.

నీకూ నాకూ ఒకే గుడ్డలో రెండు ఈత సూట్లు కుడుతున్నాను. సాగే గుడ్డ, ముదురు నీలం. నీ కొలతలు వెంటనే పంపించు.

మీ వదిన

*

కొండ మీద,
గురువారం

వదినా,

ఉత్తరం మా వంటావిడకి చదివి వినిపించాను. కన్నీళ్ళొచ్చేలా నవ్వి, నీ చేత ఒక గౌను కుట్టించుకోవాలంటోంది. లోపలి వైపు పైకి రాకుండా చూడమంది.

కొలతలకేం, నీ కొలతల పుస్తకంలో నా పేజీ ఉందిగా. అదే చూసి కుట్టెయ్. నేనేం లావెక్కలేదు. అయినా నాకిప్పుడు సూటెందుకు, నీది కానివ్వు ముందు.

వానలు మొదలయ్యాయి. తొట్టి నింపారా?

చేపపిల్ల

*

పెరటి గట్టు,
ఆదివారం ఉదయం

చేపపిల్లా,

నింపాం. కరెంటాయన వచ్చి తీగలు బిగించాడు. మోటారు వేస్తే నీళ్ళు ఒక్కసారి లేచాయి చూడూ, మీ అన్నయ్య "బ్రేకెక్కడ, బ్రేకెక్కడ" అని అరిచారు. రెండు రోజులు కుండపోత. తొట్టి అంగుళం కదల్లేదు, కింద పంపు బుడుంగు బుడుంగుమని తోడుతూనే ఉంది. వాతావరణ కేంద్రానికి మా ఇద్దరి దండాలు.

ఇంక నా సంగతి. నువ్వొచ్చేదాకా ఎందుకని మొదలుపెట్టేశాను. నిన్న నాలుగు బారలు వేశాను, ఇవాళ ఎనిమిది. ఒళ్ళు తేలికైపోయింది, మెడ నొప్పి మాయం. నువ్వు చూస్తే నివ్వెరపోతావు.

నీ పేజీ చూశాను. మూడేళ్ళ కిందటివి ఆ కొలతలు. వాటితో కుట్టడానికి నేనేమన్నా రెడీమేడ్ కొట్టు పెట్టానా? ఈత సూటు చొక్కా లాంటిది కాదు, ఒంటికి అంటుకుని ఉండాలి, రవ్వంత తేడా వచ్చినా నీళ్ళు దూరతాయి. ఛాతీ చుట్టూ, నడుము, తుంటి, భుజం నుంచి రొమ్ము దాకా కుడివైపు వేరు, ఎడమవైపు వేరు, అన్నీ రాయి. దీంతో కొత్త టేపు పంపుతున్నాను, నీ దగ్గర టేపు లేదని ఇంకో సాకు చెప్పకుండా.

మీ వదిన

*

కొండ మీద,
గురువారం

వదినా,

ఎనిమిది బారలా! మొదటి వారంలోనే? ఊపిరి ఎటు తిరిగి పీలుస్తున్నావు, కుడికా ఎడమకా? తల ముంచినప్పుడు కళ్ళు తెరుస్తున్నావా? వివరంగా రాయి. ఎందుకో ఎవరో నా చెవిలో పువ్వులు పెడుతున్నట్టుంది.

టేపు అందింది. కానీ సూటు వద్దు వదినా. సెలవు దొరికితే వస్తాను. వచ్చి గట్టు మీద కూర్చుంటాను. నువ్వు ఈదు, నేను చూస్తాను. ఇన్నేళ్ళూ నువ్వు చేశావుగా, ఇప్పుడు బట్టలకి కాపలా నేనుంటాను.

చేపపిల్ల

*

మిషను గది,
సోమవారం

చేపపిల్లా,

నువ్వు గట్టు మీద కూర్చుంటావా? నీళ్ళు చూస్తే చెప్పులు కూడా విడవకుండా దూకే మనిషివి నువ్వు గట్టు మీద కూర్చుంటానని రాస్తే, నేను "ఆహా, ఎంత మంచి ఆడపడుచు" అని మురిసిపోవాలా?

నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. రెండేళ్ళ నుంచి ఒక్కదాంట్లోనూ ఈత మాట లేదు. కొండ కింద చెరువు మాట లేదు. అంతకుముందు పేజీకి రెండుసార్లు ఉండేది. రెండేళ్ళ కిందట మూడు నెలలు ఏదో శిక్షణకి వెళ్తున్నాను, రాలేను అన్నావు. ఏం శిక్షణ అది?

నువ్వు కొలతలు ఇవ్వకుండా నన్నింత తిప్పడం ఇదే మొదటిసారి. కొలతలివ్వని మనిషికి చెప్పుకోలేనిదేదో ఉంటుంది. నా మిషను గదిలో తలుపేసుకుని ఎందరు ఏడ్చారో నాకే తెలుసు. ఏమైందే నీకు? నిజం రాయి. మీ అన్నయ్యకి ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు.

వదిన

*

కొండ మీద,
గురువారం సాయంత్రం

వదినా,

ఛాతీ చుట్టూ ముప్పై రెండున్నర.
నడుము ఇరవై తొమ్మిది.
తుంటి ముప్పై ఏడు.
భుజం నుంచి రొమ్ము దాకా, కుడివైపు, పది.
ఎడమవైపు కొలవడానికి ఏమీ లేదు.

నోటితో చెప్పలేక ఇలా రాశాను. రెండేళ్ళయింది. శిక్షణ అన్నది ఆపరేషను. క్యాన్సరు గడ్డ అన్నారు. ఎడమ రొమ్ము తీసేశారు, తరవాత మందులు పెట్టారు. కంగారు పడకు, ఇప్పుడు బాగున్నాను. ఆరు నెలలకోసారి పరీక్షలు, పోయినసారి కూడా అంతా శుభ్రంగా ఉందన్నారు. నాకు తోడుగా మా వంటావిడ ఉంది ఆసుపత్రిలో. తిట్టకు. అప్పుడు అన్నయ్యకి గుండె బాగోలేదని నువ్వే రాశావు. ఆయనకెలా చెప్పను?

ఒళ్ళు బాగుపడింది కానీ, ఈత మాత్రం పోయింది. మానిన కొత్తలో ఒకసారి చెరువుకి వెళ్ళాను. బట్టలు మార్చుకునే చోట ఒకమ్మాయి చూసి, చటుక్కున తల తిప్పేసుకుంది. ఆ పిల్ల తప్పేం లేదు. నేనే అక్కణ్ణుంచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. పాత సూటు ఎడమవైపు ముడతలు పడి సంచిలా వేలాడుతుంది. నీళ్ళలో ఉన్నట్టు కలలొస్తాయి వదినా. లేచాక ఏడుపొస్తుంది.

ఇదీ నిజం. ఇప్పుడైనా సూటు వద్దంటే అర్థం చేసుకుంటావుగా?

చేపపిల్ల

*

మిషను గది,
శనివారం

నా బంగారు చేపపిల్లా,

ముందు ఏడ్చాను. తరవాత నిన్ను తిట్టాను, గట్టిగానే, పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. తరవాత మిషను దగ్గర కూర్చున్నాను.

నీకు పదిహేనేళ్ళప్పటి నుంచి నీ ఒంటి మీది ప్రతి గుడ్డా నేనే కుట్టాను. మొదటిసారి లంగా చింపుకొచ్చినప్పుడు మీ అమ్మకి తెలియకుండా అతుకేసింది నేను. ఇంత పెద్ద సంగతి నా దగ్గర దాస్తావా? ఆసుపత్రిలో నీ పక్కన నేనుండాల్సింది. ఆ వంటావిడకి గౌను ఒకటి కాదు, నాలుగు కుడతాను, ఆవిడ కొలతలు కూడా పంపు.

సరే, అయిపోయింది. తిట్టడం ఆపేశాను. పనికొద్దాం. ఇలాంటి కొలతలు నాకు కొత్త అనుకుంటున్నావా? నా దగ్గర కుట్టించుకునేవాళ్ళలో నలుగురున్నారు. ఎవరని అడక్కు, చెప్పను. నీకు రెండు సూట్లు కుట్టాను. ఒకదానికి ఎడమవైపు లోపల జేబు పెట్టి, నీళ్ళు పీల్చని మెత్త అమర్చాను. బయటికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. రెండోదానికి ఏమీ పెట్టలేదు. ఎడమవైపు గుడ్డే తగ్గించి కత్తిరించాను, ముడత లేకుండా నీ ఒంటికి ఎలా ఉందో అలా పడుతుంది. ఏది వేసుకుంటావో నీ ఇష్టం. రెండూ నీవే. ఈసారి మూడుసార్లు చూసి మరీ కత్తిరించాను, లోపలి వైపు లోపలే ఉంది.

ఇప్పుడు నాదొకటి చెప్పాలి. నాలుగు బారలూ లేవు, ఎనిమిది బారలూ లేవు. అన్నీ కోతలే. తొట్టి నింపి ఇరవై రోజులయింది, నేను మొదటి మెట్టు దాటలేదు. చీలమండల దాకా ముంచి కూర్చుంటాను. మోటారు వేస్తే ఆ కాళ్ళు కూడా పైకి తీసేస్తాను. మీ అన్నయ్య రోజూ కిటికీలోంచి "ఇవాళైనా దిగుతావా, లేక తొట్టిలో చేపలు పెంచమంటావా?" అంటున్నారు. వీధిలో అందరికీ డాక్టరమ్మ మాట చెప్పి, గొయ్యి తవ్వించి, క్రేను రప్పించి, ఇప్పుడు భయమని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అందుకే నీకు కూడా కోశాను. నీ అబద్ధం రెండేళ్ళది, నాది ఇరవై రోజులది. చెల్లుకి చెల్లు.

నువ్వొస్తేనే నేను దిగుతాను. లేకపోతే ఆ తొట్టి అలా నిండి ఉంటుంది, నేనలా గట్టు మీద ఉంటాను, నా జన్మ ఇలా బట్టలు చూస్తూనే పోతుంది. అంతే, నీ చేతిలో ఉంది.

మీ అన్నయ్యకి నువ్వే చెప్పు. గుండె బాగానే ఉంది ఆయనకి, నిన్న తొట్టి మూత ఒక్కరే ఎత్తారు.

వదిన

*

కొండ మీద,
గురువారం

వదినా,

కోతలరాయుడమ్మా! ఊపిరి ఎటు పీలుస్తున్నావని అడిగితే జవాబు రానప్పుడే నాకు తెలిసిపోయింది.

మా పెద్దాఫీసరుని అడిగి, గాలివానల ఫోను పది నిమిషాలు తీసుకున్నాను. నువ్వు బజారుకి వెళ్ళే వేళ చూసుకుని అన్నయ్యతో మాట్లాడాను. అంతా చెప్పాను. విని, "నీళ్ళు వెచ్చగా పెట్టమంటావా, చల్లగానా?" అన్నాడు. అంతే అడిగాడు వదినా. నేను ఫోను పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

పదిరోజుల సెలవు ఇచ్చారు. వచ్చే బుధవారం దిగుతున్నాను. వస్తానని మాత్రమే అంటున్నాను. నీళ్ళలో దిగుతానని మాటివ్వలేను.

చేపపిల్ల

*

నీ గది తలుపు సందులో పెట్టిన చీటీ,
గురువారం ఉదయం, ఎండొచ్చాక

చేపపిల్లా,

రాత్రి నువ్వొచ్చి, తిని, నీళ్ళ ఊసెత్తకుండా పడుకున్నావు. నేనూ అడగలేదు. లేపడం ఇష్టం లేక ఈ చీటీ.

సూట్లు రెండూ తలుపు వెనక కొక్కేనికి ఉన్నాయి. తలుపు గడియ వేసుకుని తీరిగ్గా వేసి చూసుకో. ఏదీ వద్దనిపిస్తే నీ పాత చొక్కా ఉంది, అదేసుకుని దిగు. ఈ పెరట్లో తల తిప్పుకునేవాళ్ళు ఎవరూ లేరు. వెనక గోడకి నిన్ననే పరదా కూడా కట్టాను, పక్కింటావిడకి పని తగ్గించాను.

నువ్వు ఇది చదివేసరికి నేను నీళ్ళలో ఉంటాను. నిజంగా, ఈసారి కోత కాదు, నమ్మకపోతే కిటికీలోంచి చూడు. మెడ దాకా. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఉంటాను. చచ్చినా వదలను. నువ్వొచ్చి నా నడుం పట్టుకుంటేనే వదుల్తాను. నేనెంతసేపు ఉండగలనో నాకే తెలీదు, కాబట్టి అట్టే ఆలోచించకుండా రా.

తువ్వాళ్ళు తెచ్చుకోకు. గట్టు మీద కుర్చీ వేసుకుని మీ అన్నయ్య కూర్చున్నారు. ఒళ్ళో రెండు తువ్వాళ్ళు, నా గడియారం, నా కళ్ళజోడు. నీ బట్టల కోసం ఇంకో మోకాలు ఖాళీగా ఉంచారు.

వదిన